ఎడమ చేతి మీద కోటి

పెళ్లికూతురి పేరు దీపిక. పెళ్లికొడుకు పేరు శివనాగరాజు. పెళ్లి జాకెట్టు కుడి చేతి మీద, నెమలి మెడ కింద, బంగారు జరీతో ‘దీపిక’ అని ముచ్చటగా పడింది. ఎడమ చేతి మీద మాత్రం ‘కోటి’ అని పడింది.

“కోటి ఎవడు?” అంది పెళ్లికూతురి తల్లి నాగలక్ష్మి.

నరసరావుపేట స్టేషన్ రోడ్డు పక్క సందులో, మన్సూర్ కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపులో, ఆ ప్రశ్నకి జవాబు చెప్పగల మనిషి ఒక్కతే ఉంది. ఆపరేటర్ సైమా. కోటి ఎవడో ఆమెకి బాగా తెలుసు. కిందటి వారం వినుకొండ నుంచి వచ్చిన నందిని అనే పెళ్లికూతురి మొగుడు. ఆ జాకెట్టు వెళ్లిపోయింది, ఆ పెళ్లీ అయిపోయింది, వాళ్లు హాయిగా కాపురం చేసుకుంటున్నారు. అయినా కోటి షాపు వదలకుండా వచ్చి ఇంకొకరి పెళ్లాం చేతి మీద కూర్చున్నాడు.

“అడుగుతుంటే పలకవేందమ్మా? మా ఎదురింట్లోనే ఉన్నాడు ఒక కోటిగాడు. ఆటో తోలతాడు. రేపు పీటల మీద ఇది చూసి మగపెళ్లివాళ్లు ఏమనుకుంటారు? మా ఊరు ఏమనుకుంటది? పెళ్లి చీరలోంచి కత్తిరించిన ముక్క ఇది, ఇంకోటి యాడ తెచ్చేది?” నాగలక్ష్మి గొంతు సందు చివరిదాకా వినిపించింది. ఆమె పొద్దున్నే గురజాల నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి. పక్కనున్న దీపిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పడం కష్టం.

షాపు యజమాని మన్సూర్ మామూలుగా మెత్తటి మనిషి. కానీ నలుగురూ చూస్తుంటే ఆయనకి రోషం పొడుచుకొస్తుంది.

“కళ్లున్నయ్యా లేవా సైమా? చేతి నిండా మిషన్ తిరుగుతుంటే ఏం పేరు పడుతోందో చూసుకోవా?” అన్నాడు. ఆమె చేతిలోని పెన్ డ్రైవ్‌ని, ఎర్రదారం కట్టి ఉన్న దాన్ని, లాక్కుని జేబులో వేసుకున్నాడు. “ఇయ్యాల్టి నుంచి కంప్యూటర్ ముందు షఫీక్ కూచుంటాడు. నువ్వు దారాలు కత్తిరించుకో పో.”

అంతమందిలో అన్నాడు. సైమా కుర్చీలోంచి లేచింది. ఆ కుర్చీ కోసం గుంటూరు పోయి డిజైనింగ్ నేర్చుకుంది ఆ పిల్ల. ‘మిషన్ పని మగపిల్లలది’ అన్న చుట్టాలందరి నోళ్లూ మూయించి మరీ కూర్చుంది అందులో. ఇప్పుడు చాప మీద కూర్చుని కత్తెర తీసుకుంటే చెంపలు భగ్గున మండాయి.

ఇంత గోలకీ మేడ మీది నుంచి మన్సూర్ తల్లి పీరాంబీ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. కంప్యూటర్ మిషన్లు రాకముందు పేటలో పెళ్లి జాకెట్టంటే పీరాంబీ మగ్గం మీదికే వచ్చేది. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. జాకెట్టు అందుకుని, చెయ్యి తిరగేసి, లోపలివైపు కుట్టు మీద బొటనవేలు నడిపింది.

“ఇప్పితే బొక్కలు పడతయ్. పట్టు కదా, మూసుకోదు. కప్పాలి.”

“దేంతో కప్పుతారు పెద్దమ్మా?” అంది నాగలక్ష్మి, కాస్త తగ్గి.

“మామిడి పిందెతో. నా పిందె ఒకటి ఉంది, దాని కింద ఏ పేరున్నా కనపడదు. పెళ్లి ఎప్పుడు?”

“శుక్రవారం.”

“గురువారం రా. నేను చూసుకుంటా.”

నాగలక్ష్మి వెళ్తూ వెళ్తూ సైమా వైపు చూసిన చూపు మాత్రం మిషన్ సూది కన్నా పదునుగా ఉంది.

*

దారాలు కత్తిరించడం తేలిక పనేం కాదు. గుడ్డ తిరగేస్తే పువ్వుకీ పువ్వుకీ మధ్య దారం తోకలు వేలాడుతుంటాయి. కత్తెర మొన గుడ్డకి తగలకుండా వాటిని ఒక్కొక్కటే తుంచాలి. సైమా తల వంచుకుని తుంచుతూనే ఉంది. మనసు మాత్రం ఆ ఎడమ చేతి మీదే ఉంది. శివనాగరాజు పేరు తను రాసింది. అక్షరాలు సరిచూసింది. సేవ్ చేసింది. పెన్ డ్రైవ్ పీకి మిషన్‌కి పెట్టింది. మరి కోటి ఎట్లా వచ్చాడు?

ఆ షాపు పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. ప్రతి పెళ్లి జాకెట్టుకీ ఎడమ చేతి డిజైను ‘లెఫ్ట్ హ్యాండ్’ అనే పేరుతోనే ఎక్కిస్తారు. కొత్తది పాతదాని మీద పడి పాతది చెరిగిపోతుంది. మిషన్ మీదున్న బుల్లి అద్దపు తెరలో డిజైను వేలెడంత కనిపిస్తుంది. నెమలీ నెమలీ ఒకటే, పేరు కనపడి చావదు. అంటే కొత్త లెఫ్ట్ హ్యాండ్ పెన్ డ్రైవ్‌లోకి చేరలేదు. పాతదే ఉండిపోయింది. మరి కొత్తది ఎటు పోయింది?

జవాబు షఫీక్ నోటివెంట వచ్చింది. షఫీక్ మిషన్ మనిషి. సూదులు మార్చడం, బాబిన్లు నింపడం అంటే ప్రాణం. కుర్చీలో కూర్చోమంటే మాత్రం పంటి డాక్టరు దగ్గర కూర్చున్నట్టు కూర్చుంటాడు. మధ్యాహ్నం ఏదో బ్యాక్ నెక్ డిజైను సేవ్ చేసి, తన పెన్ డ్రైవ్ మిషన్‌కి పెట్టి, అద్దంలోకి చూసి అరిచాడు.

“ఏందిది! ఇప్పుడేగా ఏసింది! లేదే!”

సైమా చేతిలో కత్తెర ఆగింది. “షఫీకన్నా, ఏ డ్రైవ్ పెట్టెలో వేశావు?”

“చివరి పెట్టెలో. పెన్ డ్రైవ్ ఎప్పుడూ చివరేగా ఉండేది.”

సైమా చాప మీద నుంచి లేచి పరిగెత్తింది. తెరమీద డ్రైవుల పెట్టెలు వరసగా ఉన్నాయి. సి, డి, తర్వాత పెన్ డ్రైవ్. ఆ తర్వాత, అందరికన్నా చివర, జెడ్ అని ఇంకొకటి. మామూలుగా ఏ కంప్యూటర్‌లో అయినా చివరి పెట్టే పెన్ డ్రైవ్. గుంటూరులో అట్లాగే అలవాటైంది. రోజూ జాగ్రత్తగా చూసుకునేది, ఆ రోజు తొందరలో చెయ్యి చివరికే పోయింది. జెడ్ తెరిచింది. అందులో లెఫ్ట్ హ్యాండ్ ఉంది. దాన్ని తెరిస్తే శివనాగరాజు నిక్షేపంగా ఉన్నాడు.

ఆ క్షణంలో సైమాకి ఎంత సంతోషం వేసిందో అంత కోపమూ వచ్చింది. తప్పు తన చేతిది అయితే అయింది గానీ, ఆ చేతికి గొయ్యి తవ్వి పెట్టింది ఇదన్నమాట!

అదేం పెట్టో కాసేపు పరీక్షగా చూసింది. డి లో ఖాళీ ఎంతుందో జెడ్ లోనూ అంతే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు. జెడ్ లో ఉన్నవన్నీ డి లోపల ‘హీనా’ అనే ఫోల్డర్లో కూడా ఉన్నాయి. అంటే అది డ్రైవే కాదు. ఆ ఫోల్డర్‌కే బయటికి పెట్టిన రెండో తలుపు. హీనా తనకి ముందున్న ఆపరేటర్. పెళ్లయి హైదరాబాద్ వెళ్లింది. లోపల ఏవో పూలు, తీగలు, పాత జాకెట్ల ఫొటోలు బోలెడున్నాయి. శాంపిళ్లు కాబోలు అనుకుంది.

సాయంత్రం మన్సూర్‌కి చెప్పింది. ఆయన ఇంకా చల్లారలేదు.

“పని చేతగాక పెట్టె మీదికి తోస్తున్నావా? దాన్ని ముట్టుకోబాక. హీనా ఏం పెట్టిందో ఏమో, అది పోయి డిజైన్లన్నీ పోతే రోడ్డున పడతాం.”

సైమా ఇంటికెళ్లి అన్నం కెలికి లేచింది. తిట్టినందుకు కాదు. ఒక్క మాట, ‘ఏం జరిగింది సైమా’ అని అడిగి ఉంటే చాలు కదా అని.

*

మర్నాడు మన్సూర్ జరీ దారాల కోసం గుంటూరు వెళ్లాడు. బండి సందు దాటిందో లేదో షఫీక్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“ఆ జెడ్ తీసెయ్ సైమా. భాయ్‌కి నేను చెప్తాలే. నన్నీ కుర్చీలో చంపబాకండి, నా మిషన్ దగ్గరికి నేను పోతా.”

సైమా కూర్చుంది. జెడ్ మీద కుడి బటన్ నొక్కింది. తీసేయమనే మాట ఎక్కడా లేదు. ఫార్మాట్ అని మాత్రం ఉంది.

“అదే, అదే కొట్టు,” అని షఫీక్ వేలు పెట్టబోతే ఆ వేలి మీద ఒక్కటిచ్చింది.

“చెరిపేస్తదన్నా అది! మనం తలుపు తియ్యాలి, ఇల్లు కూల్చకూడదు.”

ఫోన్లో వెతికితే ఒక కుర్రాడు వీడియోలో చెప్పాడు. కమాండ్లు కొట్టే నల్ల కిటికీ తెరిచి సబ్‌స్ట్ అని కొడితే ఇట్లాంటి ఉత్తుత్తి డ్రైవులన్నీ కనపడతాయట. అతను చెప్పినట్టే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి కొట్టింది. ఏమీ రాలేదు. మళ్లీ కొట్టింది. ఊహూ. జెడ్ పక్కనే దర్జాగా కూర్చుని ఉంది, కిటికీ మాత్రం అట్లాంటిదెవరూ ఇక్కడ లేరంటోంది.

కిందనున్న కామెంట్లన్నీ చదివితే సంగతి తెలిసింది. మామూలుగా పెట్టిన పెట్టె అడ్మినిస్ట్రేటర్ కంటికి ఆనదట. మామూలు కిటికీ తెరిచి కొట్టింది. అప్పుడు ఒప్పుకుంది. జెడ్, ఒక బాణం గుర్తు, డి లో హీనా. సైమా సబ్‌స్ట్, జెడ్, కోలన్, ఒక ఏటవాలు గీత, డి అని కొట్టి ఎంటర్ నొక్కింది. నల్ల కిటికీ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పక్కకి చూస్తే జెడ్ లేదు.

ముందు డి లోకి పరిగెత్తి హీనా ఫోల్డర్ తెరిచింది. పూలూ తీగలూ ఒక్కటీ పోలేదు. “హమ్మయ్య” అంది పైకే.

“ఒకసారి ఆపి మళ్లీ వెయ్యి, చూద్దాం,” అన్నాడు షఫీక్.

ఆపి మళ్లీ వేశారు. జెడ్ మళ్లీ వచ్చి చివర కూర్చుంది. షఫీక్ పడీ పడీ నవ్వాడు. “దయ్యమే ఇది! తాయెత్తు కట్టాల్సిందే!”

సైమా నవ్వలేదు. కంప్యూటర్ లేచినప్పుడల్లా దాన్ని ఎవరో పిలుస్తున్నారు, అంతే. లేవగానే వాటంతట అవే నడిచేవన్నీ ఉండే స్టార్టప్ ఫోల్డర్ తెరిచింది. ఉంది. హీనా రాసిపెట్టిన చిన్న ఫైలు, అందులో ఒకే ఒక్క వరస. దాన్ని పారెయ్యబుద్ధి కాలేదు. అక్కడి నుంచి తీసి డి లో దాచింది. జెడ్‌ని మళ్లీ తొలగించి కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. ఈసారి సి, డి, పెన్ డ్రైవ్. అంతే. చివరిది చివరిదే.

షఫీక్ టీ తెప్పించాడు. తన డబ్బుతో! అది షాపులో పెద్ద విశేషమే. “భాయ్ రాగానే చెప్తా, రేపట్నించి నీ కుర్చీ నీదే,” అన్నాడు. సైమాకి ఆ టీ పాయసంలా అనిపించింది. భాయ్ చెప్పేదాకా ఎందుకులే అని చాప మీదికే వెళ్లి కూర్చుని కత్తెర పట్టుకుంది గానీ, మనసు తేలిపోతోంది.

రోజూ అయితే ఆ వేళకి సైమా అన్నానికి ఇంటికి వెళ్లేది. ఆ రోజు టీతో కడుపు నిండి వెళ్లలేదు. అందుకే చూసింది.

మధ్యాహ్నపు జొహర్ నమాజు చేసుకుని పీరాంబీ మెట్లు దిగింది. చంకలో దీపిక జాకెట్టు బిగించిన చిన్న మగ్గం. దాన్ని బల్ల మీద పెట్టి, కంప్యూటర్ కుర్చీలో కూర్చుంది. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. మౌసు మీద చెయ్యి, ఏదో పసిపిల్ల తల మీద పెట్టినట్టు, పెట్టింది. బాణం గుర్తుని మెల్లగా చివరికి తీసుకెళ్లింది. రెండుసార్లు నొక్కింది.

పెన్ డ్రైవ్ తెరుచుకుంది. అందులో పేర్లు తప్ప బొమ్మలేమీ లేవు. పీరాంబీ మూసింది. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

“ఒరేయ్ షఫీకూ,” అంది చివరికి, గొంతు తగ్గించి. “మీ భాయ్‌కి చెప్పబాకరా. నా చెయ్యి తగిలి ఏదో పోయినట్టుంది.”

సైమా తల ఎత్తింది. “ఏం పోయింది నానీ?” షాపు పిల్లలందరికీ పీరాంబీ నానీయే, అంటే అమ్మమ్మే.

“నా పెట్టె. హీనా పెట్టిచ్చి పోయింది. నాకు ఆ అక్షరాలు రావుగదే. ‘అన్నిటికన్నా చివరున్నది నీది నానీ, రెండుసార్లు నొక్కు, చాలు’ అంది. నేను కుట్టినయ్యన్నీ అందులో ఉన్నయ్. ఎవరన్నా పాత జాకెట్టు పట్టుకొస్తే ఫొటో తీసి ఏసేది. రోజూ ఈ టైముకి ఒకసారి చూసుకుని పోతా.” మగ్గం మీద జాకెట్టు వైపు చెయ్యి చూపింది. “పిందె తొడిమె ఎటు తిరిగిద్దో చెయ్యి మర్చిపోయింది. చూద్దామని వచ్చా. నేనే ఏదో నొక్కి చెడగొట్టినట్టున్నా.”

సైమా కత్తెర కింద పెట్టింది. ఆ పెట్టెలో ఏముందో చూసింది తను. ఎవరిదో అడగలేదు. ఒక్క మాట అడగకుండా తన కుర్చీ లాగేశారని నిన్న సరిగా అన్నం కూడా తినని మనిషి, ఇవాళ ఒక్క మాట అడగకుండా ఈ ముసలామె పెట్టె లాగేసింది. పైగా ఆమె తప్పు తనదేననుకుంటోంది!

“నీ చెయ్యి కాదు నానీ. నేను తీశాను,” అంది.

షఫీక్ కళ్లతో సైగ చేస్తున్నాడు. ఎందుకో తిరిగి చూస్తే గుమ్మంలో మన్సూర్, దారాల డబ్బా నెత్తిన పెట్టుకుని.

“భాయ్, ఆ పెట్టె పీడ వదిలింది!” అని షఫీక్ అందుకున్నాడు. “నేనూ అందులోనే పారేశా నిన్న. దోషమంతా దానిదే. ఇంక సైమాని...”

“పీడ కాదు భాయ్,” అంది సైమా. “అది నానీది. నాకు తెలియక, మీరు వద్దన్నా, తీసేశాను. ఏమీ పోలేదు. అన్నీ లోపలే ఉన్నయ్.”

మన్సూర్ డబ్బా దించాడు. సైమాని కాదు, తల్లిని చూశాడు.

“రోజూ నువ్వు కూచుని చూసేది అదా అమ్మా? పేకాట ఆడుకుంటున్నావేమో అనుకున్నానే.”

“పేకాట మీ నాయన ఆడేవాడు,” అంది పీరాంబీ.

మన్సూర్ నవ్వు ఆపుకుని మొహం గంటు పెట్టుకున్నాడు. “మళ్లీ పెట్టగలవా?” అన్నాడు సైమాతో.

“పెట్టగలను.”

“పెట్టు. పెట్టి లే.”

సైమా కూర్చుంది. పెట్టడానికి ఒక్క వరస చాలు. కానీ మళ్లీ చివరే పెడితే రేపు ఇంకో పెళ్లికూతురి చేతి మీద ఇంకో కోటి కూర్చుంటాడు. వేళ్లు ఆగాయి. ఏ అక్షరం? చివరిది కాకుండా, నానీ వెతుక్కోకుండా... తట్టింది. జెడ్ ఉన్నచోట ఇంగ్లీషు ‘ఏ’ అని కొట్టింది. హీనా ఫైల్లోనూ ఆ ఒక్క అక్షరమే మార్చి, దాన్ని తిరిగి స్టార్టప్‌లో పెట్టింది. వరసలో అందరికన్నా ముందు, సి కన్నా ముందు, కొత్త పెట్టె వచ్చి నిలబడింది.

“నానీ, ఇప్పుడు నీది చివరిది కాదు. మొదటిది.”

పీరాంబీ వంగి చూసింది. “మొదటిదా? మంచిదేలే. ముసలిదాన్ని ముందు కూచోబెట్టావు.”

రెండుసార్లు నొక్కింది. పూలు, తీగలు, ఏ ఊళ్లో ఎవరి బీరువాల్లోనో ఉన్న జాకెట్లు తెరనిండా పరుచుకున్నాయి. ఒకదాని దగ్గర ఆగి, ముక్కు తెరకి తగిలేంతగా వంగి, గాల్లో వేలితో ఒక తొడిమె గీసింది.

“ఎడమకి! నేను కుడికి అనుకుని చస్తున్నా.”

సైమా లేచి చాప మీదికి వెళ్లింది. మన్సూర్ ఆపలేదు. పీరాంబీ మాత్రం మగ్గం చంకన పెట్టుకుని మెట్ల దగ్గర ఆగి కొడుకుతో అంది. “తిట్టింది నలుగురిలో తిట్టావు. ఇచ్చేది కూడా నలుగురిలో ఇవ్వు.”

*

గురువారం పొద్దున్నే తల్లీకూతుళ్లు దిగారు. పీరాంబీ జాకెట్టు తీసి ఒళ్లో పరిచింది. ఎడమ చేతి మీద మామిడి పిందె ఒకటి, నిండుగా, ముదురు బంగారంలో. మిషన్ కుట్టు మధ్య అది ఒక్కటే కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. నాగలక్ష్మి వెలుగులోకి తీసుకెళ్లి ఎంత వెతికినా కోటి దొరకలేదు.

“పోయాడు పీనుగ,” అంది తృప్తిగా.

దీపిక ఆ పిందె మీద వేలు పెట్టి తియ్యలేదు. “నానీ, ఈ కుడి చేతిక్కూడా వెయ్యవా?”

“ఆ చేతి మీద నీ పేరేగా తల్లీ. తప్పేం పడలేదుగా?”

“నా పేరు నాకు తెలుసులే నానీ. పిందె కావాలి.”

“రేపు పెళ్లి పెట్టుకుని ఏందే నీ వేషాలు! అవతల బస్సు పోయిద్ది!” అని నాగలక్ష్మి అరిచింది. అరిచి, చెప్పులు విడిచి, చాప మీద కూలబడింది. కాసేపటికి చూస్తే సైమా మగ్గం బిగించి పట్టుకుంటోంది, పీరాంబీ కుడుతోంది, నాగలక్ష్మి దారం కొస నోట్లో తడిపి సూదికి ఎక్కించి అందిస్తోంది. మధ్యాహ్నానికి రెండు చేతుల మీదా రెండు పిందెలు. తొడిమెలు రెండూ ఎడమకే.

“ఫొటో తియ్యి సైమా,” అంది పీరాంబీ. “నా పెట్టెలో ఎయ్యి.”

సైమా ఫోన్లో తీసింది. కంప్యూటర్ ముందు షఫీక్ ఎప్పుడో లేచి నిలబడి ఉన్నాడు. కుర్చీ ఖాళీ. ఆమె తటపటాయించి మన్సూర్ వైపు చూసింది. మన్సూర్ జేబులోంచి ఎర్రదారం పెన్ డ్రైవ్ తీశాడు. నాగలక్ష్మికి కూడా వినపడేట్టు, “నీ సామాను నువ్వు తీసుకో. నా జేబు బరువైపోతోంది,” అని ఆమె చేతిలో పెట్టాడు. అంతకన్నా ఆయనకి చేతకాదు. సైమాకి అది చాలు. కళ్లు చెమర్చినా తుడుచుకోకుండానే కూర్చుంది.

మొదటి పెట్టె తెరిచి ఫొటో అందులో వేసింది. “దీనికి ఏం పేరు పెట్టమంటావు నానీ?”

“పేరు నాకెందుకే, నేను చదవబోయానా? నువ్వు గుర్తుపట్టేట్టు పెట్టుకో.”

సైమా చేతులు కీబోర్డు మీద ఆగాయి. భుజం వెనక నుంచి దీపిక వంగి, చెవిలో ఏదో చెప్పింది. సైమా పెదవి కొరుక్కుని, రెండక్షరాలు కొట్టింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఇక ఆపుకోలేకపోయారు. మన్సూర్ తొంగి చూసి, దగ్గుతున్నట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

నాగలక్ష్మి గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ కేక పెట్టింది. “ఏందే ఆ ఇకిలింపులు? ఇంతకీ ఏం పేరు పెట్టింది?”

“శివనాగరాజు అనమ్మా,” అంది దీపిక.